బైబిలు కథలు చెప్పని మాటలు: పెద్దయ్యాక చదివితే ఏమి మారుతుంది?

## సంక్షిప్తంగా

చిన్నప్పుడు విన్న బైబిలు కథకూ గ్రంథంలో ఉన్న కథకూ మధ్య తేడా మూలం చేతికి తీసుకున్నాకే చాలామందికి తెలుస్తుంది. పిల్లల కోసం తిరగరాసిన కథలు మూలం చెప్పకుండా వదిలినచోట మాటలు నింపుతాయి, ఒక కథను పక్కకథతో కలిపే దారాన్ని తెంపుతాయి. సాహిత్య దృష్టితో మళ్లీ చదివినప్పుడు ఆ ఖాళీలూ ఆ దారాలూ తిరిగి బయటపడతాయి. అబ్రాహాము, యూదా, దావీదు కథల్లో ఇది ఎలా జరుగుతుందో, ఈ పఠనం మీద ఉన్న అభ్యంతరాలు ఏమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

## తెలిసిన కథే కదా అనుకుంటే

నోవహు ఓడ, గొల్యాతు నుదుటికి తగిలిన రాయి, యోనాను మింగిన చేప. బైబిలు ఎన్నడూ తెరవనివారికి కూడా ఈ మూడూ పరిచయమే. ఆ పరిచయంతో మూలం తెరిచినవారు మొదట తికమకపడతారు. నోవహు కథ మేఘంలోని ధనుస్సుతో ఆగిపోదు. ఆ తర్వాత అతడు ద్రాక్షతోట వేసి, తాగి, గుడారంలో ఒంటి మీద బట్ట లేకుండా పడి ఉంటాడు. గొల్యాతును చంపినవాడు ఎల్హానాను అని 2 సమూయేలు 21లో ఇంకో వాక్యం ఎదురవుతుంది. యోనా గ్రంథంలో చేప ప్రస్తావన మూడంటే మూడు వచనాల్లో ఉంది. గ్రంథంలో ఎక్కువ భాగం ప్రవక్త పారిపోవడం, అలగడం, దేవుడితో వాదం పెట్టుకోవడం.

ఇలాంటివి కనబడగానే కొందరు తప్పుల జాబితా రాసుకుంటారు, ఇంకొందరు ప్రతి తప్పుకూ సమాధానం వెతుకుతారు. ఇద్దరూ వచనం వచనంగా చదివేవారే. మూడో రకం పాఠకుడు కథను ఇలా ఎందుకు చెప్పారు, ఏది చెప్పలేదు, దీని పక్కన ఏ కథను పెట్టారు అని చూస్తాడు. సాహిత్య పఠనం అంటున్నది దీన్నే.

## పిల్లల కథ ఎలా తయారవుతుంది

పిల్లల కోసం తిరగరాసేవారికి ఎదురయ్యే చిక్కు నిజమైనదే. హీబ్రూ కథనం పాత్రల మనసులోకి తొంగిచూడటం అరుదు. ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఏమి చేశారు, ఏమన్నారు అని చెప్పి ఊరుకుంటుంది. పిల్లవాడు మొదట అడిగేదేమో "ఎందుకు?" అని. దేవుడు కయీను అర్పణను ఎందుకు లక్ష్యపెట్టలేదు? ఆదికాండము 4 కారణాన్ని సూటిగా చెప్పదు. పిల్లల పుస్తకం మాత్రం కయీను మనసు మంచిది కాదని తేల్చేస్తుంది. ఇందులో ఆధునికులను మాత్రమే తప్పుపట్టడానికి లేదు. కొత్త నిబంధనలో హెబ్రీయులకు రాసిన పత్రిక, యోహాను మొదటి పత్రిక అప్పటికే ఆ ఖాళీని తమ పద్ధతిలో పూరించాయి.

ఇక కత్తిరింపు సంగతి. వారానికో పాఠం, పాఠానికో కథ, కథకో నీతి అనే ఏర్పాటులో ఇది తప్పదు. అధ్యాయాల విభజన కూడా ఇందుకు తోడైంది. ఇప్పుడు అందరూ వాడే అధ్యాయాల పద్ధతికి 13వ శతాబ్దపు తొలినాళ్ల స్టీఫెన్ లాంగ్‌టన్‌ను కర్తగా చెబుతారు. కొత్త నిబంధన వచనాలకు ఇప్పటి సంఖ్యలు వేసింది 1551లో రోబేర్ ఎతియెన్ అనే ముద్రాపకుడు. వెతుక్కోవడానికి ఇవి ఎంతో వీలు. కానీ అధ్యాయం ముగిసినచోటల్లా కథ కూడా ముగిసిందన్న భ్రమ కలుగుతుంది. ఆదికాండము 37 తర్వాత 38ని వదిలేసి 39కి వెళ్లిపోవడం అంత తేలిక కావడానికి ఈ సంఖ్యలూ కొంత కారణం. 38లో వేశ్య వేషం, గర్భం, కాల్చివేయమన్న తీర్పు ఉన్నాయి గనక పిల్లల పుస్తకం దాని జోలికి పోదు. అక్కడ పోయేది ఏమిటో కాసేపట్లో చూద్దాం.

## మోరీయా దారి

అబ్రాహాము తన కొడుకు ఇస్సాకును మోరీయాలో బలి ఇవ్వబోయిన కథ మొత్తం 19 వచనాలు. అబ్రాహాము తెల్లవారుజామున లేస్తాడు, గాడిదకు గంత కడతాడు, కట్టెలు చీలుస్తాడు, బయలుదేరుతాడు. మూడో రోజున కన్నులెత్తి దూరాన ఆ చోటు చూస్తాడు. ఆ మూడు రోజులూ అతని మనసులో ఏముందో ఒక్క మాట లేదు. కొడుకు వయసెంతో చెప్పలేదు. తల్లి శారా పేరే రాదు. నగరం, ఋతువు, సూర్యోదయం వంటి అష్టాదశ వర్ణనలకు అలవాటుపడ్డ ప్రబంధ పాఠకుడికి ఇది కథాసారం లాగా, ఎవరో తర్వాత విస్తరించి రాయవలసిన చిత్తుప్రతి లాగా తోచవచ్చు.

ఈ పొదుపు అసమర్థత కాదని, అదొక కథనపద్ధతి అని విస్తారంగా వివరించిన విమర్శకుడు ఎరిష్ ఆవర్‌బాఖ్. నాజీ పాలనలో ఉద్యోగం పోగొట్టుకుని ఇస్తాంబుల్ చేరిన ఈ జర్మన్ యూదు పండితుడు 1946లో వెలువడిన తన 'మిమెసిస్' మొదటి అధ్యాయంలో గ్రీకు కవి హోమరును, ఆదికాండమును పక్కపక్కన పెట్టాడు. ఒడిస్సియస్ కాళ్లు కడుగుతున్న వృద్ధదాసి అతని తొడ మీది మచ్చను గుర్తుపట్టిన క్షణంలో హోమరు కథను ఆపి, ఆ మచ్చ ఏ పందివేటలో ఎలా పడిందో పూర్తిగా చెబుతాడు. అక్కడ చీకటి మూల అంటూ ఉండదు, అన్నీ ఒకే వెలుగులో కనిపిస్తాయి. ఆదికాండములో వెలుగు పడేది చేతుల మీద, కత్తి మీద, కట్టెల మీద. మిగిలినదంతా వెనుక చీకట్లో బరువుగా నిలబడి ఉంటుందని ఆవర్‌బాఖ్ పరిశీలన.

దారిలో కొడుకు అడిగేది ఒకే ప్రశ్న: నిప్పూ కట్టెలూ ఉన్నాయి, దహనబలికి గొర్రెపిల్ల ఏది? దేవుడే చూసుకుంటాడని తండ్రి జవాబు. ఆ ప్రశ్నకు ముందూ జవాబు తర్వాతా ఒకే వాక్యం వస్తుంది, ఇద్దరూ కలిసి వెళ్లారని. రెండోసారి చదివేటప్పటికి కొడుక్కి సంగతి తెలిసిందో లేదో పాఠకుడికి తెలియదు. మాట మారలేదు, నడక మారిందో లేదో ఎవరూ చెప్పరు. చివర్లో అబ్రాహాము తన పనివారి దగ్గరికి తిరిగి వచ్చాడని ఉంటుంది. ఆ వాక్యంలో ఇస్సాకు పేరు లేదు.

నాలుగు అధ్యాయాలు వెనక్కి వెళితే ఈ మౌనం ఇంకా బరువెక్కుతుంది. సొదొమ పట్టణాన్ని కాపాడటానికి ఇదే అబ్రాహాము దేవుడితో బేరమాడాడు. యాభైమంది నీతిమంతులుంటే విడిచిపెడతావా అని మొదలుపెట్టి పదిమంది దాకా దించాడు. పరాయి ఊరి కోసం అంత వాదించినవాడు సొంత కొడుకు విషయంలో నోరు విప్పలేదు. ముందుకు వెళితే అబ్రాహాము బెయేర్షెబాలో నివసిస్తాడు, శారా హెబ్రోనులో చనిపోతుంది, ఇస్సాకు తర్వాత కనిపించేది బెయేర్ లహాయిరోయి వైపు నుంచి వస్తూ. శారా దాసి హాగరు ఇల్లు విడిచి పారిపోయినప్పుడు దూత కనబడిన బావి అది. మోరీయా తర్వాత తండ్రీ కొడుకులు మాట్లాడుకున్న సన్నివేశం గ్రంథంలో లేదు. శారా మరణం ఆ కథ వెనువెంటనే రావడాన్ని యూదు రబ్బీలు ఏనాడో గమనించారు. కొడుకును బలికి తీసుకెళ్లిన వార్త విని తల్లి ప్రాణం విడిచిందని మిద్రాష్ వ్యాఖ్యానాలు ఆ ఖాళీని పూరించాయి. కుటుంబం విడిపోయిందని మూలం అనదు. ముగ్గురినీ మూడు చోట్ల చూపిస్తుంది, అంతే.

## మేకపిల్ల, అంగీ, చేతికర్ర

ఇప్పుడు ఆదికాండము 38. యోసేపు కథ మంచి పట్టుమీద ఉండగా, అతణ్ణి ఐగుప్తుకు అమ్మేసిన వెంటనే, కథకుడు ఉన్నట్టుండి అన్న యూదా వైపు తిరుగుతాడు. చాలాకాలం పండితులు దీన్ని దారితప్పి వచ్చి చేరిన కథగానే చూశారు. విమర్శకుడు రాబర్ట్ ఆల్టర్ 1981లో బైబిలు కథనకళ మీద రాసిన పుస్తకంలో దీన్నే ప్రధాన ఉదాహరణగా తీసుకుని, ఆ చోటు ఎంత ఆలోచించి ఎంచుకున్నదో చూపించాడు. ఆయన కూడా దారి చూపినది పాత మిద్రాషేనని ఒప్పుకున్నాడు.

వస్తువుల వెంట నడిస్తే చాలు, సంగతి అర్థమవుతుంది. 27వ అధ్యాయంలో యోసేపు, యూదాల తండ్రి యాకోబు తన అన్న బట్టలు తొడుక్కుని, చేతులకూ మెడకూ మేకపిల్లల తోలు చుట్టుకుని, చూపు మందగించిన తండ్రిని మోసగిస్తాడు. 37లో అతని కొడుకులు మేకపిల్లను చంపి, యోసేపు నిలువుటంగీని ఆ రక్తంలో ముంచి తండ్రికి పంపుతారు. వాళ్లు అబద్ధమాడరు. ఇది నీ కొడుకు అంగీ అవునో కాదో చూడు అంటారు. దుష్టమృగం తినేసిందన్న మాట యాకోబు నోటి నుంచే వస్తుంది. తండ్రికి చేసిన మోసం అవే సరుకులతో, మేకతో బట్టతో, అతని గుమ్మంలోకి వచ్చింది. కథకుడు ఆ సంగతి ఎత్తి చూపడు.

తమ్ముణ్ణి అమ్మేద్దామన్నవాడు యూదా. 38లో అతని విధవ కోడలు తామారు ముసుగు వేసుకుని దారిపక్క కూర్చుంటుంది. మామ ఆమెను గుర్తుపట్టక, వేశ్య అనుకుని, వెలగా మేకపిల్లను పంపుతానంటాడు. పంపేదాకా కుదువగా ముద్ర, దాని దారం, చేతికర్ర ఇస్తాడు. మూడు నెలలకు ఆమె గర్భవతి అని తెలిసి కాల్చివేయమని తీర్పు చెబుతాడు. తామారు ఆ వస్తువులు పంపి, ఇవి ఎవరివో గుర్తుపట్టమంటుంది. తండ్రి ముందు అంగీ పెట్టినప్పుడు అన్నదమ్ములు అడిగినదీ దాదాపు ఇదే. యూదా తప్పించుకోడు. ఆమె నాకంటే నీతిమంతురాలని ఒప్పుకుంటాడు.

ఈ అధ్యాయం తీసేస్తే 44వ అధ్యాయంలో యూదా మాట్లాడే తీరుకు ఆధారం ఉండదు. బెన్యామీనుకు బదులు నన్ను దాసుడిగా ఉంచుకొమ్మని, ఆ పిల్లవాడు లేకుండా తండ్రి దగ్గరికి ఎలా వెళ్లనని అతడు ఐగుప్తు అధికారిని, అంటే తాము గుర్తుపట్టని యోసేపును, బతిమాలతాడు. ఒక తమ్ముణ్ణి అమ్మినవాడు ఇంకో తమ్ముడి కోసం పూచీ పడ్డాడు. మధ్యలో ఏమి జరిగిందో చెప్పేది తామారు కథే. పిల్లల పుస్తకంలో యోసేపు క్షమాగుణం ఒక్కటే మిగలడానికి, యూదా మారిన మనిషిగా కనిపించకపోవడానికి కారణం ఇదే. నిజానికి ఆ భాగంలో ఎక్కువ దూరం నడిచిన పాత్ర యూదాయే.

## రాజు ఇంటి దగ్గర ఉండిపోయిన వసంతం

దావీదు, బత్షెబల కథ 2 సమూయేలు 11లో ఒక మామూలు వాక్యంతో మొదలవుతుంది. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలం వచ్చింది, దావీదు సేనాని యోవాబును పంపాడు, తాను యెరూషలేములో ఉండిపోయాడు. ఆ వాక్యం ఎవరినీ నిందించదు. సాయంత్రం పడక మీద నుంచి లేచిన రాజు మిద్దె మీద తిరుగుతాడని వెంటనే చెబుతుంది. స్నానం చేస్తున్న బత్షెబను అక్కడి నుంచి చూసి పిలిపిస్తాడు. ఆమె భర్త ఊరియా అప్పుడు యుద్ధభూమిలో ఉన్నాడు.

అధ్యాయం మొత్తంలో బత్షెబ పలికేది గర్భవతినయ్యానన్న కబురు ఒక్కటే. ఆమె ఇష్టంతో వెళ్లిందా, కాదనగలిగే స్థితిలో ఉందా అన్నది మూలం చెప్పదు. తర్వాతి కాలపు చిత్రకారులు, వ్యాఖ్యాతలు ఆమె మీద మోపిన వగలమారితనానికి ఇక్కడ ఆధారం లేదు.

ఊరియాను యుద్ధభూమి నుంచి పిలిపించి, ఇంటికి వెళ్లి కాళ్లు కడుక్కో అంటాడు రాజు. అతడు రాజగృహం వాకిట్లో సేవకుల మధ్య పడుకుంటాడు. తోటివారు బయట దండు దిగి ఉంటే నేను తిని తాగి భార్యతో పడుకోవడానికి ఇంటికి వెళ్లనా అంటాడు. మరుసటి రాత్రి తాగించినా వెళ్లడు. ఇది సైనికుడి నిష్ఠా, లేక సంగతి తెలిసి రాజు ముఖాన విసిరిన దెబ్బా? మెనాఖెమ్ పెర్రీ, మేయిర్ స్టెర్న్‌బర్గ్ 1968లో ఈ అధ్యాయం మీద రాసిన వ్యాసంలో రెండు ఊహలకూ ఆధారాలు ఉన్నాయనీ, పాఠకుడు రెండింటినీ ఒకేసారి మోయవలసిందేననీ వాదించారు. తెలిసినవాడైతే అతని మాటల్లో ఎత్తిపొడుపు ఉంది. తెలియనివాడైతే రాజు నీచత్వం రెట్టింపవుతుంది. తన మరణశాసనం ఉన్న ఉత్తరాన్ని తానే యోవాబుకు మోసుకెళతాడు.

ఇక్కడ యోవాబు చేసింది తరచు ఎవరి దృష్టికీ రాదు. ఊరియాను ముందు నిలబెట్టి మిగిలినవారు వెనక్కి తగ్గాలని రాజు ఆజ్ఞ. అలా చేస్తే కుట్ర బట్టబయలవుతుంది. యోవాబు బలగాన్ని గోడ దగ్గరికి పంపుతాడు, ఊరియాతో పాటు మరికొందరు చస్తారు. రాజు కోపగించుకుంటే ఊరియా కూడా చనిపోయాడని చెప్పు అని దూతకు నేర్పుతాడు. కబురు విన్న దావీదు, ఖడ్గం ఒకసారి ఒకణ్ణి ఒకసారి మరొకణ్ణి తింటుంది, చింతించవద్దని యోవాబుకు చెప్పమంటాడు. అధ్యాయం చివరి మాటలో గానీ దావీదు చేసినది దేవుడి దృష్టికి చెడ్డదన్న తీర్పు రాదు. అప్పటిదాకా కథకుడు గుమస్తా రాసిన నివేదికలాగా చెప్పుకుపోతాడు.

పర్యవసానాలు కూడా ఇలాగే కథ మధ్యలో దాగి ఉంటాయి. తిరుగుబాటు చేసిన దావీదు కొడుకు అబ్షాలోము తండ్రి ఉపపత్నులతో అందరూ చూస్తుండగా మిద్దె మీద శయనిస్తాడు. ఆ సలహా ఇచ్చినవాడు అహీతోపెలు, దావీదు ఆంతరంగిక సలహాదారు. అతడు పక్షం మార్చడానికి కారణం ఎక్కడా లేదు. అయితే బత్షెబ తండ్రి పేరు ఏలీయాము. 23వ అధ్యాయంలోని వీరుల పట్టికలో అహీతోపెలు కుమారుడైన ఏలీయాము అని ఒక పేరుంది. ఇద్దరూ ఒకరేనైతే ఆ సలహాదారు ఆమెకు తాత. ఒకరేనని గ్రంథం చెప్పదు. కానీ పేర్ల పట్టికను దాటేసి చదివేవారికి ఈ ప్రశ్నే తట్టదు.

1 రాజులు 1లో బత్షెబ మళ్లీ వచ్చేసరికి రాజు ముసలివాడు, ఎన్ని బట్టలు కప్పినా వెచ్చబడనివాడు. ఇప్పుడు ఆమె అనర్గళంగా మాట్లాడుతుంది. తన కొడుకు సొలొమోను రాజవుతాడని నువ్వు ప్రమాణం చేశావు కదా అని గుర్తుచేస్తుంది. ఆ ప్రమాణం అంతకు ముందు కథలో ఎక్కడా కనబడదు.

## ముగింపు లేని కథలు

నీతికథకు ముగింపు తప్పనిసరి. బైబిలు కథల్లో కొన్ని కావాలనే తెరిచి ఉంచినట్టు కనిపిస్తాయి. యోనా గ్రంథం ప్రశ్నతో ఆగుతుంది: లక్షా ఇరవై వేలకు పైగా మనుషులూ, బోలెడు పశువులూ ఉన్న నీనెవె మీద నేను జాలిపడకూడదా? యోనా జవాబు లేదు. లూకా 15లో తప్పిపోయిన కుమారుడు తిరిగి వచ్చాక తండ్రి బయటికి వచ్చి పెద్దకొడుకును బతిమాలతాడు. అతడు లోపలికి వెళ్లాడో లేదో తెలియదు. మార్కు సువార్త అత్యంత ప్రాచీన ప్రతుల్లో, అంటే 4వ శతాబ్దపు సినాయ్, వాటికన్ ప్రతుల్లో, 16వ అధ్యాయం 8వ వచనంతో ముగుస్తుంది. సమాధి దగ్గరి నుంచి స్త్రీలు వణుకుతూ పారిపోయి, భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదని అక్కడ ఉంది. తర్వాతి వచనాలు ఆ ఖాళీని భరించలేకపోయిన తరం చేర్చినవని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. పూరించే అలవాటు ఎంత పాతదో చెప్పడానికి ఇది మరో సాక్ష్యం.

## కళా, అతుకా?

సాహిత్య పఠనం మీద గట్టి అభ్యంతరం చరిత్ర విమర్శకుల నుంచి వచ్చింది. చిత్రంగా రెండు దారులకూ పునాది ఒకే ఏడాది పడింది. 1753లో రాబర్ట్ లోత్ హీబ్రూ కవిత్వం మీద తన ఉపన్యాసాలను ప్రచురించాడు. పాదానికి పాదం సమాంతరంగా నడిచే ఆ కవిత్వ లక్షణానికి పేరు పెట్టినవాడు ఆయనే. అదే ఏడాది ఫ్రెంచి వైద్యుడు జాఁ ఆస్ట్రుక్ ఆదికాండములో దేవుడికి వాడిన వేర్వేరు పేర్లను బట్టి అది కనీసం రెండు మూలాల నుంచి కూర్చినదని ప్రతిపాదించాడు. 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు యూలియస్ వెల్‌హౌజన్ చేతుల్లో రెండో దారి బలపడింది.

ఆ దారిలో నడిచేవారి ప్రశ్న సమంజసమైనది. నోవహు ఓడలోకి ఒకచోట జతకో రెండు జంతువులు, మరోచోట పవిత్ర జంతువులు ఏడేసి చొప్పున. దీన్ని సూక్ష్మమైన కళ అనడం అతిశయోక్తి, రెండు కథనాలను కలిపి కుట్టిన జాడ అనడమే సబబు. గొల్యాతు సంగతీ అంతే. ప్రామాణిక హీబ్రూ పాఠంలో అతని ఎత్తు ఆరు మూరల జేన, దాదాపు 10 అడుగులు. గ్రీకు అనువాదంలోనూ మృతసముద్రం పక్కన కుమ్రాన్‌లో దొరికిన ప్రాచీన ప్రతిలోనూ నాలుగు మూరల జేన, 7 అడుగుల లోపు. కథ చేతులు మారుతూ పెరిగిందని దీనివల్ల అర్థమవుతుంది. ప్రతి పునరుక్తినీ కవిచమత్కారంగా చూపబోయిన విమర్శకులు కొన్నిసార్లు గ్రంథానికి లేని ఏకత్వాన్ని అంటగట్టారన్నది నిజం.

అయినా అతుకు కనబడినంత మాత్రాన అర్థం పోదు. యూదా తామారుల కథ వేరే చోటి నుంచి వచ్చిందే అనుకున్నా, దాన్ని సరిగ్గా అంగీ రక్తంలో తడిసిన అధ్యాయం వెనుక పెట్టినవాడు ఏదో చదివే పెట్టాడు. ఆ చేయి రచయితదా, సంపాదకుడిదా అన్నది చరిత్ర ప్రశ్న. అది ఏమి చేసిందన్నది పాఠకుడి ప్రశ్న. రెండింటినీ కలగాపులగం చేస్తేనే గొడవ.

## విశ్వాసానికి ఎదురా?

విశ్వాసుల వైపు నుంచి వచ్చే సందేహం వేరు. బైబిలును సాహిత్యంగా మెచ్చుకోవడం దాన్ని దేవుని వాక్యంగా పక్కనపెట్టడానికి మర్యాదైన మార్గమేమోనని వారి అనుమానం. కవి టి.ఎస్. ఎలియట్ కూడా 1935 నాటి వ్యాసంలో ఇలాంటి మెప్పును ఘాటుగానే తప్పుపట్టాడు. ఈ అనుమానానికి కొంత ఆధారం ఉంది. అయితే అత్యంత సూక్ష్మంగా చదివినవారిలో రబ్బీలు ఉన్నారన్నది కూడా మరచిపోరాదు. పక్కపక్క కథలను ముడివేయడం, లేని పేరును గమనించడం వారికి భక్తిలో భాగం.

మారేది ఎక్కువగా పాత్రల పట్ల వైఖరి. అబ్రాహాము, దావీదు అనుసరించవలసిన నమూనాలుగా కాక, పొరలున్న మనుషులుగా కనిపిస్తారు. పక్కకు నెట్టేసిన స్త్రీలు ముందుకు వస్తారు. పండితురాలు ఫిలిస్ ట్రిబుల్ 1984లో హాగరు, యెఫ్తా కూతురు, దావీదు కూతురు తామారు, న్యాయాధిపతులు 19లోని పేరులేని స్త్రీ కథలను సాహిత్య విమర్శ పనిముట్లతోనే చదివి, గ్రంథం నమోదు చేసిన హింసను బయటపెట్టింది. పొదుపైన కథనానికి అబ్బురపడే పాఠకుడు ఇక్కడ ఆగి ఆలోచించవలసి ఉంటుంది. మౌనం కొన్నిచోట్ల కళ, కొన్నిచోట్ల ఆ స్త్రీ మాట ఎవరూ రాసిపెట్టలేదన్నదానికి గుర్తు.

ఇలా చదవాలంటే ముక్కలు వదిలి మొత్తం పుస్తకాన్ని పట్టుకోవడమే మార్గం. యోనా 48 వచనాలు, రూతు 85. ఒక్క కూర్పులో అయిపోతాయి. దావీదు కథకు మాత్రం 1 సమూయేలు 16 నుంచి 1 రాజులు 2 దాకా ఓపిక కావాలి. ఆ చివరి అధ్యాయంలో మరణశయ్య మీది రాజు మోషే ధర్మశాస్త్రాన్ని పాటించమని కొడుకుకు బోధించి, ఆ వెంటనే యోవాబునూ, ఒకప్పుడు తనను శపించిన షిమీనీ ప్రాణాలతో వదలవద్దని చెబుతాడు. షిమీని చంపనని గతంలో ప్రమాణం చేసినవాడూ అతడే. ధర్మశాస్త్రం గురించిన వాక్యాలు తర్వాతి సంపాదకులు చేర్చినవని చాలామంది పండితులు భావిస్తారు. గ్రంథంలో ఇప్పుడు రెండు ఆదేశాలూ ఒకదాని వెనుక ఒకటి ఉన్నాయి, మధ్యలో కథకుడి వ్యాఖ్య ఏదీ లేదు.